ప్యాచా, కొత్త ట్యూబా?
బెంగళూరులో సైకిల్ మీద ఆఫీసుకెళ్లే మనవాళ్లకు నా సలహా: పంక్చరైతే ముందు ప్యాచే వేయండి. ట్యూబును గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ (ప్యాచ్ అంటించే జిగురు) పూసి, తడి ఆరి జిగటగా మారేదాకా ఆగాలి. చాలామంది తొందరపడేది ఇక్కడే. తడి మీద అంటించిన ప్యాచ్ నిలవదు. సరిగ్గా అతికితే ఏళ్ల తరబడి ఉంటుంది, ఖర్చూ తక్కువే.

కొత్త ట్యూబైతే పని త్వరగా అవుతుంది. వానలో రోడ్డు పక్కన నిలబడ్డప్పుడు అదే మేలు. గాలి కొట్టే వాల్వ్ మొదలు దగ్గర ట్యూబు చిరిగితే మార్చక తప్పదు.

ఏది చేసినా టైరు లోపలివైపు గుడ్డతో తడిమి చూడండి. ముల్లో, ఇనుప తీగో అక్కడే ఉండిపోతే కొత్త ట్యూబుకీ చిల్లే. పక్కపక్కనే రెండు చిల్లులుంటే గాలి తక్కువై, గుంతలో రిమ్ము ట్యూబును నొక్కేసి ఉంటుంది. టైరు పక్కన రాసి ఉన్నంత గాలి కొట్టించండి.