‘బెన్’ ముందా, ‘బెంగ’ ముందా?

స్పానిష్‌లో ‘వచ్చు’ అనే అర్థం గల ‘బెనీర్’ క్రియ (వ్రాతలో మొదటి అక్షరం ‘వి’, పలుకులో మాత్రం బకారమే) నేర్చుకునేవారు ఏ రూపాలతో మొదలుపెట్టాలి? ‘రా’ అని పిలిచే విధ్యర్థక రూపాలతోనా, కోరికకూ సందేహానికీ ఇంకా జరగని పనికీ వాడే సబ్జంక్టివ్ రూపాలతోనా?

విధ్యర్థకానికి ఉన్న ఆకర్షణ స్పష్టమే. చనువున్న మనిషిని పిలవడానికి ‘బెన్’ అంటే చాలు. మన ‘రా’ కూడా ‘వస్తాను’, ‘వచ్చాను’ల పోలిక లేకుండా విడిగా నిలిచే మాటే కనుక, ఈ పొట్టి రూపం తెలుగువారికి వింతగా తోచదు. అయితే దాని అక్కర అక్కడితోనే తీరిపోతుంది. గౌరవంగా ‘రండి’ అనాలంటే ‘బెంగ’, పలువురిని పిలవాలంటే ‘బెంగన్’, ఎంత చనువున్నవారినైనా ‘రావద్దు’ అనాలంటే ‘నో బెంగస్’ అనాలి. ఇవన్నీ సబ్జంక్టివ్ నుంచి తెచ్చుకున్నవే. విధ్యర్థకానికి సొంతమని చెప్పదగినవి ‘బెన్’, స్పెయిన్‌లో స్నేహితుల గుంపును పిలిచే ‘బెనిద్’, అర్జెంటీనాలో ‘బెన్’కు బదులు వినిపించే ‘బెనీ’ మాత్రమే. పైగా కొలంబియా రాజధాని బొగొతాలో సొంత ఇంటివారిని సైతం గౌరవ రూపంతో పిలిచే అలవాటు ఉన్నందున, అక్కడ ‘బెంగ’ లేనిదే రోజు గడవదు.

సబ్జంక్టివ్ రూపాలు కష్టమైనవేమీ కావు. ‘నేను వస్తాను’ అనే ‘బెంగో’లో చివరి ‘ఓ’ను తీసి ‘అ’ను చేరిస్తే ‘బెంగ’ వస్తుంది. మిగిలినవి పురుష, వచనాలను బట్టి మారుతాయి. దిగులుకు మనం వాడే మాట అదే కావడం వల్ల నాకు ఇది ఒక్కసారికే గుర్తుండిపోయింది.

అసలు చిక్కు వాక్యంలో ఉంది. ‘నాకు రావాలని ఉంది’, ‘నువ్వు రావాలని నాకు ఉంది’ అనే రెండింటిలోనూ తెలుగులో ‘రావాలని’ మారదు. స్పానిష్‌లో కోరేవారూ వచ్చేవారూ ఒకరే అయితే ‘కియెరో బెనీర్’. వేరువేరైతే ‘కియెరో కె బెంగస్’. మనవారు తరచుగా ఈ రెండింటినీ కలిపి ‘కియెరో కె బెనీర్’ అంటారు. అలాగే ‘నువ్వు వచ్చినప్పుడు చెబుతాను’ అనేటప్పుడు మనకు భూతకాలపు ఛాయ గల రూపం తోస్తుంది. అక్కడ కావలసింది ‘క్వాందో బెంగస్’. విధ్యర్థకంతో మొదలుపెట్టినవారికి ఈ చోటు చాలా ఆలస్యంగా ఎదురవుతుంది.

అందువల్ల ‘బెంగ’ను ముందు నేర్చుకోవడమే మేలని నా అభిప్రాయం. ‘బెన్’ను దాని పక్కన మినహాయింపుగా వ్రాసుకుంటే సరిపోతుంది, చనువుగా ఆజ్ఞాపించేటప్పుడు ఇలా దారితప్పే ప్రధాన క్రియలు మొత్తం 8 మాత్రమే గనుక, తక్కిన 7 రూపాలైన ‘ది, అస్, బె, పోన్, సాల్, సె, తెన్’ కూడా అదే పుటలో ఇమిడిపోతాయి.