పాలమూరు దారిలో పిల్లలతో

సంక్రాంతి సెలవులకు హైదరాబాద్ సగం ఖాళీ అవుతుంది. ఆ జనంలో ఎక్కువ మంది విజయవాడ దారి పడతారు. పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్లను టీవీలో చూపించడం ఏటా జరిగే తంతే. ఈసారి మేం ఆ వైపు వెళ్ళకుండా కర్నూలు దారి పట్టి దక్షిణానికి దిగాం. ఇటు రద్దీ లేదని కాదు, రాయలసీమ వాళ్ళంతా ఇటే వెళ్ళాలి కదా! అయినా షాద్‌నగర్ దాటాక బండి సాఫీగా సాగుతుంది.

కారులో మేమిద్దరం, అత్తమ్మ, ఆరేళ్ళ పాప, మూడేళ్ళు నిండని బాబు. యాత్రల గురించి రాసేవాళ్ళు గుడి ఏ శతాబ్దిదో, శిల్పం ఏ శైలిదో చెబుతారు. మరుగుదొడ్డి తలుపుకు గడియ పడుతుందో లేదో, నీళ్ళు వస్తాయో రావో ఎవరూ చెప్పరు. నాకు అవే ముఖ్యం. ఇంకొకటి కూడా ఉంది. ఈ వయసు పిల్లలకు చూడటమంటే తాకడమే. తాకనివ్వని చోట పది నిమిషాలకే ‘ఇంకెంతసేపు’ మొదలవుతుంది. తాకనిచ్చే చోట మనమే బతిమాలి కారెక్కించాలి. అందుకే పేరున్న చోటుకు తక్కువ మార్కులు, ఎవరూ పట్టించుకోని రాతి మెట్లకు ఎక్కువ మార్కులు పడితే నన్ను తిట్టుకోకండి.

జనవరిలో ఈ ప్రాంతంలో ఒకే రోజు రెండు కాలాలు నడుస్తాయి. ఉదయం జడ్చర్ల దగ్గర పొగమంచులో ముందు వెళ్ళే లారీ వెనక దీపాలే కనిపిస్తాయి. మధ్యాహ్నానికి స్వెట్టర్లు విప్పి టోపీలు వెతుక్కోవాలి. మంచు విడిచేదాకా హైవే ఎక్కకపోవడం మేలు. పక్కన ఆపిన లారీ దగ్గరికి వెళ్ళేదాకా కనపడదు. తెల్లవారుజామునే బయల్దేరాలనే పట్టుదల పెద్దవాళ్ళది. పిల్లలు ఇడ్లీ తిని, కడుపు కదిలి, తొమ్మిదింటికి బయల్దేరితే అందరికీ సుఖం.

మొదటి మజిలీ మహబూబ్‌నగర్ పట్టణానికి నాలుగు కిలోమీటర్ల దూరంలోని పిల్లలమర్రి. ఏడు వందల ఏళ్ళ మర్రి అంటారు. మూడెకరాలకు పైగా పాకింది. అసలు మాను ఏదో, ఊడ దిగి మానైనది ఏదో పోల్చుకోవడం కష్టం. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. చెదలు లోపలంతా తినేశాయని తేలడంతో సందర్శకులను ఆపేశారు. మరుసటి ఏడాది కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి, చుక్కలు చుక్కలుగా చెదల మందు ఎక్కించారు. ‘చెట్టుకు సూది గుచ్చారా? ఏడ్చిందా?’ అని పాప అడిగిన ప్రశ్నకు మా వారు హైవే ఎక్కేదాకా జవాబు వెతుకుతూనే ఉన్నారు. ఊడలు పట్టుకుని ఊగే రోజులు మా చిన్నతనంతోనే పోయాయి. ఇప్పుడు చెట్టును దూరం నుంచి చూడాలి. చెట్టుకు అదే మంచిది, కానీ మా బాబుకు ఆ సంగతి ఎక్కలేదు. పక్కనే శ్రీశైలం ముంపు నుంచి తరలించి మళ్ళీ కట్టిన రాతి గుడి ఉంది. రాళ్ళకు అంకెలు వేసి, విప్పి, లారీల్లో తెచ్చి, అదే వరసలో పేర్చారని పాపకు చెప్పాను. ఆట బిళ్ళల ఇల్లు విప్పి మళ్ళీ కట్టినట్టు అని ఒక్క మాట అన్నందుకు, ఇక ఈ యాత్ర అంతా ఏ గుడికి వెళ్ళినా రాళ్ళ మీద అంకెలు వెతకడమే దాని పని అయింది.

అక్కడి నుంచి జూరాల. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టాక మొదట ఆగేది ఇక్కడే. వానాకాలంలో గేట్లన్నీ ఎత్తినప్పుడు చూడాలి గానీ, జనవరిలో కింద బండలే ఎక్కువ, నీళ్ళు తక్కువ. అయినా ఈ కాలంలో వచ్చేవాళ్ళు నీళ్ళ కోసం రారు, చేపల కోసం వస్తారు. ఆనకట్ట దగ్గర వరసగా ఉన్న పాకల్లో మసాలా పట్టించిన చేప ముక్కలు పళ్ళెం నిండా పేర్చి ఉంటాయి. మనం చూపించిన ముక్కను అప్పటికప్పుడు పెనం మీద వేసి ఇస్తారు. మసాలాలో కారం గట్టిగానే ఉంటుంది. పిల్లలకు ఉప్పు, పసుపు మాత్రమే రాసి విడిగా వేయించమని ముందే అడగాలి. మాకు వేయించిన అమ్మ విసుక్కోలేదు సరికదా, ముల్లు తీసి తనే బాబు నోట్లో పెట్టింది. కూర్చునే చోటు శుభ్రం గురించి అడగకండి. చేతులు కడుక్కోవడానికి నీళ్ళ సీసా మీరే తీసుకెళ్ళండి.

గద్వాల మట్టికోటకు పిల్లలతో అరగంట చాలు. లోపల చెన్నకేశవుడి గుడి, ఓ కాలేజీ ఉన్నాయి. మిగతాది ఊహించుకోవాలి, ఆరేళ్ళ పిల్లకు రాజు కనిపించని కోట కోటే కాదు. మగ్గాల ఇల్లు మాత్రం వదలొద్దు. గద్వాల చీర ఒళ్ళంతా నూలు, అంచు, కొంగు పట్టు. రెండు రకాల దారాన్ని నేతలోనే ముడివేస్తూ కలుపుతారు. గుంట మగ్గం ముందు కూర్చున్న పెద్దాయన మా బాబును పక్కన కూర్చోబెట్టుకుని, దారం మోసే నాడె చేతికిచ్చారు. వాడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, లోపల ఏదో ఉందని. ఆయన నవ్వి మళ్ళీ తీసుకుని ఇటు నుంచి అటు విసిరితే ఆ టకటక శబ్దానికి వాడి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. చీర కొనకుండా ఆ ఇంట్లోంచి బయటికి రావడం ఎలాగో నాకైతే చేతకాలేదు.

ఎర్రవల్లి చౌరస్తా మీదుగా మళ్ళీ హైవే ఎక్కి, అలంపూర్ చౌరస్తాలో ఎడమకు తిరిగితే తుంగభద్ర ఒడ్డున అలంపురం. నా మార్కుల్లో మొదటి స్థానం దీనిదే. జోగులాంబ అమ్మవారు 18 శక్తిపీఠాల్లో అయిదవది. పాత గుడి ధ్వంసమయ్యాక విగ్రహం చాలా కాలం బాలబ్రహ్మ ఆలయంలోనే ఉంది. ఇప్పటి గుడి 2005లో కట్టింది. దర్శనం వరస పండుగ రోజుల్లో పొడుగ్గానే ఉంటుంది. అత్తమ్మ, మా వారు వరసలో నిలబడ్డారు, నేను పిల్లలను తీసుకుని నవబ్రహ్మ ఆలయాల వైపు వెళ్ళాను. బ్రహ్మ అన్న పేరే గానీ తొమ్మిదీ శివాలయాలే. 7, 8 శతాబ్దాల్లో బాదామి చాళుక్యులు కట్టించారు. బాలబ్రహ్మ దగ్గరే జనం. మిగతా గుళ్ళ చుట్టూ పచ్చిక, చెట్ల నీడ, వాహనాల భయం లేని ఆవరణ. రాతి కిటికీలకు చెక్కిన జల్లెడలు సరిగ్గా పిల్లల కంటి ఎత్తులో ఉన్నాయి. లోపల పాప, బయట బాబు, మధ్యలో పదమూడు వందల ఏళ్ళ రాయి. రంధ్రంలోంచి ఒకరి వేలు ఒకరు పట్టుకునే ఆటతో గంట గడిచింది. అక్కడ చెక్కిన గంధర్వుల సంగతి నేను మళ్ళీ ఎప్పుడైనా ఒక్కదాన్నే వెళ్ళి చూసుకుంటాను.

ఊరి శివారులో సంగమేశ్వరాలయం ఉంది. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లి నుంచి, శ్రీశైలం జలాశయం నిండకముందే విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టిన గుడి. ఎత్తైన అరుగు, చుట్టూ విశాలమైన స్థలం, మనుషులు లేరు. పాప అరుగు చుట్టూ తిరిగి అంకెలు వెతికింది. దొరకలేదు. చివరికి గేటు బయట కరెంటు స్తంభం మీద అంకె చూసి ‘ఇది కూడా ఎక్కడి నుంచో తెచ్చారు’ అని తేల్చేసింది. కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు.

బస సంగతి. అలంపురంలో పర్యాటక శాఖ వారి హరిత హోటల్ ఉంది, పండుగలకు గదులు ముందే నిండిపోతాయి. చాలామందిలాగే మేమూ దగ్గరలోని పట్టణంలో ఒక ప్రైవేటు లాడ్జికి వెళ్ళాం. ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్ళు అని గోడ మీద రాసి ఉంది. ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకానే అని కుర్రాడు చెప్పాడు. ఏడున్నరకు తిప్పితే గోరువెచ్చగా ఓ చెంబెడు వచ్చి ఆగిపోయింది. మా కెటిల్ పెడితే గదిలో కరెంటు పోయింది. చలికాలంలో చిన్న పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఫోనులో గది అద్దె అడగడం కంటే ముందు ‘గీజరు మా గదిలోనే ఉందా, పైనుంచి వస్తాయా’ అని అడగండి. మంచం ఎంత వెడల్పో కూడా అడగండి. రెండు మంచాలు దగ్గరికి జరిపితే మధ్య సందులో పడేది ఎప్పుడూ చిన్నవాడే.

తిరుగు దారిలో పెబ్బేరు దగ్గర హైవే వదిలి కొల్లాపూర్ మీదుగా సోమశిల. ఇది శ్రీశైలం జలాశయం వెనుక జలాల ఒడ్డు. ఊరూ, లలితా సోమేశ్వరాలయమూ రెండూ ముంపు నుంచి పైకి తరలి వచ్చినవే. ఇక్కడి పర్యాటక శాఖ కాటేజీలు నదికి ఎదురుగా ఉన్నాయి. తలుపు తీస్తే నీళ్ళు, ఆవల నల్లమల కొండలు. సోమశిల అంటే చేపలు, పడవలు అంటారు గానీ మా పిల్లలకు ఘాటు మెట్లే సర్వస్వం. గులకరాయి విసరడం, బుడుంగుమన్న చప్పుడు వినడం, మళ్ళీ రాయి వెతకడం. మూడో మెట్టు దిగనివ్వకుండా ఒకరు కాపలా ఉండాలి. మెట్లు పాచి పట్టి ఉంటాయి, వెనుక జలాల్లో లోతు ఒక్కసారిగా పెరుగుతుంది.

పడవ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. ఒక పడవ మనిషి లైఫ్ జాకెట్లు ఉన్నాయన్నాడు, చూస్తే అన్నీ పెద్దవాళ్ళవి. బాబుకు తొడిగితే తల మీదుగా జారి కిందకు వచ్చేసింది. ‘ఏం కాదమ్మా, మీరు పట్టుకుని కూర్చోండి’ అన్నాడు. ఎక్కలేదు. 2007 జనవరిలో ఇదే కృష్ణలో, ఇక్కడికి ఎంతో దూరం లేని మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదుల సంఖ్యలో మనుషులు పోయారు. పాలమూరు వాళ్ళు ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు. చిన్న జాకెట్లు ఉన్న మరో పడవ దొరికేదాకా ఆగి, ఒడ్డు వెంట ఓ చుట్టు తిరిగి వచ్చాం. సప్తనదుల సంగమేశ్వరం (అలంపురంలో చూసింది కాదు, ఇది వేరే గుడి) దాకా వెళ్ళాలని అత్తమ్మకు ఉంది. ఈ కాలంలో ఆ గుడి నీటి అడుగున ఉంటుంది, ఎండాకాలం దగ్గరపడి నీళ్ళు తగ్గితేనే పైకి తేలుతుంది.

నల్లగొండ వైపు వెళ్ళేవాళ్ళకు కూడా రెండు మాటలు. మా పుట్టిల్లు అక్కడే కనుక పిల్లల సెలవుల్లో ఎప్పుడూ పోయే దారే. అందరూ నాగార్జునసాగర్ అంటారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట, 26 గేట్లు. కింది వంతెన మీద నుంచి పాప లెక్కపెడుతూ ప్రతిసారీ పదిహేడు దగ్గర తప్పిపోతుంది. నాగార్జునకొండకు లాంచీలో వెళ్ళిరావడం ఆరేళ్ళ వాళ్ళకు పండుగే, మూడేళ్ళ వాళ్ళకు శిక్ష. సరిపడా జనం వచ్చేదాకా లాంచీ కదలదు, కదిలాక ముప్పావు గంటకు తగ్గదు. కొండ మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు. 2022లో తెరిచిన బుద్ధవనం అనే బౌద్ధ పార్కు ఎంతో విశాలంగా, శుభ్రంగా ఉంది, పిల్లలను బండిలో తోసుకుంటూ తిరగవచ్చు. నీడ తక్కువ కనుక సాయంత్రం నాలుగు దాటాకే వెళ్ళండి.

నన్నడిగితే సాగర్ కంటే ముందు పానగల్లు వెళ్ళాలి. నల్లగొండ పట్టణాన్ని ఆనుకునే ఉంటుంది. కుందూరు చోళుల నాటి ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనుక గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ కదలకుండా నిలిచి ఉంటుంది. ఎదుటి మండపంలోని స్తంభాల వల్ల పడే నీడ అని పెద్దవాళ్ళం చెప్పాం. పాప ఊరుకోలేదు. ఒక్కో స్తంభం పక్కన నిలబడి చెయ్యి ఊపుతూ, లోపల గోడ మీద తన చెయ్యి పడిందేమో చూడమని తమ్ముణ్ణి గుమ్మం దగ్గర నిలబెట్టింది. వాడు ప్రతిసారీ ‘పడింది’ అనే అన్నాడు. పూజారి గారు ఏమీ అనలేదు, కొబ్బరి ముక్కలు ఇద్దరికీ పెట్టి పంపారు.

ఇక మిగిలింది నల్లమల. మన్ననూరు దగ్గర అటవీ శాఖ గేటు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసి ఉంటుంది. శ్రీశైలం పోయేవాళ్ళు దాన్ని బట్టి లెక్క వేసుకోవాలి. మల్లెలతీర్థం జలపాతానికి వందల మెట్లు దిగాలి, దిగినన్నీ ఎక్కాలి. బాబు తన కాళ్ళతో ఎక్కేదాకా అది వాయిదా. వాణ్ణి ఎత్తుకుని ఎక్కే ఓపిక తనకు లేదని మా వారు, తననసలు అడగొద్దని అత్తమ్మ ముందే చెప్పేశారు.