పిట్టగోడకి సీరియల్ లైట్లు: సన్న తీగా, రబ్బరు తీగా?

దసరాకి కట్టిన లైట్లు సంక్రాంతి దాకా విప్పని ఇళ్లు బెజవాడలో బోలెడు. అలాంటివాళ్లకి సన్న తీగ సీరియల్ సెట్లు ఆగవు. బల్బులు ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి కాబట్టి ఒక్క బల్బు కాలు తెగినా ఆ వరసంతా చీకటే. బల్బు మొదట్లో పచ్చగా చిలుము కనిపించిందంటే వాన నీరు లోపలికి దిగినట్టే. ఇక మన ఎండకి పైతొడుగు పెళుసెక్కి పగులుతుంది.

ఐపీ65 (దుమ్ము, నీటిని ఎంతవరకు ఆపుతుందో చెప్పే రేటింగు) ఉన్న రబ్బరు తీగ రకంలో బల్బు మొదలంతా మూసేసి ఉంటుంది. దుమ్ము చొరబడదు, వాన జల్లుని తట్టుకుంటుంది. ధర ఎక్కువే అనుకోండి. అడాప్టరు, ప్లగ్గు మాత్రం చాలాసార్లు ఆ లెక్కలోకి రావు, వాటిని ఇంటి లోపలే పెట్టాలి.

వరండాలో, దీపావళికి నాలుగు రోజులైతే సన్నవే చాలు. పిట్టగోడకి నేనైతే రబ్బరువే కొంటాను.