లైబ్రరీ సర్వే: లింకా, కాగితమా, గోడ మీద క్యూఆర్ కోడా?

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. మా యూనివర్సిటీ లైబ్రరీలో పాఠకుల సంతృప్తి సర్వే కూడా అప్పుడే మొదలుపెడతాం. ప్రశ్నలు రాసుకోవడం ఒక పూట పని. నింపించేసరికే తల ప్రాణం తోకకొస్తుంది. వాట్సాప్ లింకు, చేతికిచ్చే కాగితం, గోడ మీద క్యూఆర్ కోడు, మూడూ చేసి చూశాం కాబట్టి చెబుతున్నా.

లింకుకు ఖర్చు లేదు, ఒక్క నొక్కుతో అన్ని డిపార్ట్‌మెంట్ల గ్రూపుల్లోకీ వెళ్లిపోతుంది. అయితే అక్కడ అది పరీక్ష ఫీజు గడువుకీ మెస్ బిల్లుకీ మధ్య పడుతుంది. పొద్దున పెట్టింది మధ్యాహ్నానికి ఎక్కడుందో మాకే కనబడదు. ఒకరే రెండుసార్లు నింపకుండా గూగుల్ ఫామ్‌లో 'ఒకరికి ఒకే జవాబు' అని పెడితే లాగిన్ అవమంటుంది. ఈమెయిల్ సేకరించమని మేం విడిగా పెట్టకపోతే ఎవరు నింపారో మాకు తెలియదు. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు నమ్మరు. "బాగాలేదని పెడితే రేపు నో డ్యూస్ దగ్గర ఆపరు కదా సార్?" అని ఒకమ్మాయి మొహం మీదే అడిగేసింది. నో డ్యూస్ అంటే, చదువు ముగించి వెళ్లేటప్పుడు లైబ్రరీకి బాకీ ఏమీ లేదని మేమిచ్చే కాగితం.

అలాగని లింకును తీసి పక్కన పెట్టలేం. ఆన్‌లైన్‌లో చదివే పరిశోధన పత్రికలు, అదే ఈ-జర్నల్స్, వచ్చాక, అందులోనూ ప్రభుత్వ విద్యాసంస్థల తరఫున కేంద్రమే వాటికి చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం 2025 జనవరిలో మొదలయ్యాక, రీసెర్చ్ స్కాలర్లకు మా మెట్లెక్కే పనే పెద్దగా లేదు. కౌంటర్ దగ్గర కాగితాలు పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నా వాళ్లు దొరకరు. అందుకని వాళ్లకు గ్రూపులో కాకుండా, అడిగిన ఆర్టికల్ పంపే మెయిల్ కిందే లింకు పెడుతున్నాం. పని జరిగిన వెంటనే అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

క్యూఆర్ కోడు గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. మొదటి ఏడాది గుమ్మంలో అంటించాం. బ్యాగు లోపల పెట్టి, రిజిస్టర్లో సంతకం చేసే హడావిడిలో దాని వంక చూసినవాడు లేడు. స్టాక్ రూములో పెడితే సిగ్నలే రాదు, పాతకాలం గోడలు మరి. చివరికి చార్జింగ్ ప్లగ్గుల పక్కన అంటిస్తే కాస్త పనికొచ్చింది. అక్కడ నిలబడ్డవాడి చేతిలో ఫోనూ ఉంటుంది, తీరికా ఉంటుంది. పెన్ డ్రైవ్ బహుమతి అని కూడా ఒకసారి ప్రకటించాం. లైబ్రరీ ఏ దిక్కున ఉందో తెలియనివాళ్లు కూడా నింపారు.

ఇక కాగితం. దీన్ని ఎక్కడ ఇస్తామన్నదాన్ని బట్టే అంతా. నో డ్యూస్ కోసం వచ్చినవాళ్లకు ఇచ్చామా, దొంతర చకచకా పెరుగుతుంది, తెరిచి చూస్తే పైనుంచి కింద దాకా ఒకే గడిలో టిక్కులు. కాలేజీలకూ యూనివర్సిటీలకూ గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్లకు చూపించే ఫైలు నిండితే చాలనుకుంటే ఆ పద్ధతే సుఖం.

అదే కాగితం సాయంత్రం నాలుగింటికి, టీకి లేచే ముందు, రీడింగ్ హాల్లో బల్ల దగ్గరికే తీసుకెళ్లి ఇస్తే వేరేగా ఉంటుంది. గ్రూప్-2కి చదివే కుర్రాడొకడు నాలుగో ప్రశ్న దగ్గర ఆగి, "రిఫరెన్స్ సర్వీస్ అంటే ఏంటి సార్?" అన్నాడు. నీకు కావలసిన సంగతి ఏ పుస్తకంలో ఉందో మమ్మల్ని అడిగితే వెతికిపెడతాం అన్నాను. "అట్లా అడగొచ్చా?" రెండేళ్లుగా రోజూ వస్తున్న మనిషి! ఫోన్లో అయితే మధ్యస్థం అని నొక్కి పోయేవాడు, మేమూ ఆ సేవ ఫర్వాలేదని రిపోర్టులో రాసుకునేవాళ్లం.

ప్రశ్నల సంఖ్య కూడా ఇక్కడే తేల్చుకోవాలి. లైబ్రరీ సేవలు ఎలా ఉన్నాయో పాఠకులనే అడిగి కొలిచేందుకు అమెరికాలో 2000లో మొదలైన లిబ్‌క్వాల్ సర్వేలో 22 ముఖ్య ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి మూడేసి మార్కులు వేయాలి: కనీసం ఎంతుండాలి, ఎంతుంటే బాగుంటుంది, ఇప్పుడెంతుంది. అడిగే తీరు గొప్పదే, 'బాగుంది' అన్నమాట వెనక అసలు ఆశ ఎంతో బయటపడుతుంది. కానీ లెక్కకు 66 గడులు. ఫోన్లో అన్ని నింపే ఓపిక నాకే లేదు. మేం ఆ తీరు తీసుకుని ఏడు ప్రశ్నలకు కుదించి, తెలుగులో రాసుకున్నాం.

నన్నడిగితే రీడింగ్ హాల్లో కాగితానికే నా ఓటు. జవాబులు కంప్యూటర్లోకి ఎక్కించడానికి వారం పట్టినా సరే. లింకు స్కాలర్లకు, క్యూఆర్ ప్లగ్గుల దగ్గరికి.

ఈసారి ఫారాలు పంచే ముందు నోటీసు బోర్డులో ఒక కాగితం పెట్టాం: "పోయినేడు మీరు రాసినవి. కిటికీ వైపు ఫ్యాన్ల చప్పుడు: మార్చాం. ఆదివారం రాత్రి కూడా తెరవాలి: ఫైలు పైకి పంపాం." మర్నాటికి ఆ రెండో వాక్యం కింద ఎవరో పెన్సిలుతో రాశారు: "ఎంత పైకి?"

చెరపమని అటెండర్‌కు చెప్పబోయి ఊరుకున్నాను.