ప్యాలెట్ చెక్కతో ఇంటి సామాను: నాలుగేళ్ల వాడకం తరువాత

ఉప్పల్‌లోని మా ఇంటి బాల్కనీలో ఉన్న బల్ల, పిల్లల పుస్తకాల అర, హాలులోని దీవాను, ఈ మూడూ సరుకుల కింద వేసే ప్యాలెట్ల చెక్కతో నేను స్వయంగా చేసుకున్నవి. 2021 మార్చిలో మొదటి ప్యాలెట్ విప్పాను. ఆ తరువాత నాలుగేళ్లలో ముప్పైకి పైగా విప్పి ఉంటాను. నాలుగో వస్తువైన చెప్పుల స్టాండు ఇప్పుడు ఇంట్లో లేదు. అది ఎందుకు పోయిందో తెలిస్తే ఈ చెక్కను ఎలా తయారు చేసుకోవాలో సగం తెలిసినట్టే.

ప్యాలెట్ చేతికి రాగానే నేను మొదట చూసేది పక్క దిమ్మె మీది ముద్ర. దేశం దాటి వెళ్లే సరుకు కింద వాడే చెక్కకు ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం శుద్ధి చేసిన చెక్కపై గోధుమ కంకి గుర్తు, దేశపు సంకేతం, తయారీదారు సంఖ్య, శుద్ధి చేసిన పద్ధతి ముద్రిస్తారు. హెచ్‌టీ అని ఉంటే చెక్క నడిమి భాగం వరకు 56 డిగ్రీల సెల్సియస్ వేడి కనీసం 30 నిమిషాల పాటు తగిలిందని అర్థం. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని అర్థం. అటువంటిది ఎంత కొత్తగా కనిపించినా నేను ఇంట్లోకి తేను. కాటేదాన్, జీడిమెట్ల వంటి పారిశ్రామికవాడల నుంచి వచ్చే ప్యాలెట్లలో ముద్ర లేనివీ ఉంటాయి. దేశంలోనే తిరిగే సరుకుకు ఆ ప్రమాణం వర్తించదు కాబట్టి ముద్ర లేకపోవడం తప్పేమీ కాదు, కాని ఆ చెక్క ఏమేమి మోసిందో మనకు తెలియదు. నూనె మరకలు గాని, ఘాటైన వాసన గాని ఉన్నదాన్ని ఉచితంగా ఇచ్చినా తీసుకోను, ఎందుకంటే లోపలికి ఇంకిన రసాయనం పైపైన చిత్రిక పట్టినంత మాత్రాన పోదు.

చెప్పుల స్టాండు విషయంలో నేను ముద్ర చూడలేదు. వేడి చేసిన చెక్కేనని పాత సామాన్ల వ్యాపారి ఒకరు చెప్పిన మాట నమ్మి, లేత రంగు పలకలు తెచ్చి వారంలోనే బిగించేశాను. ఏడు నెలలకు ఒక ఉదయం కింది అరలో చెప్పుల మీద మైదా పిండి చల్లినట్టు సన్నని పొడి కనిపించింది. తుడిచాను, మరునాటికి మళ్లీ అంతే పడింది. పలకను వెలుతురుకు తిప్పి చూస్తే గుండుసూది తలంత రంధ్రాలు వరుసగా ఉన్నాయి. మా వీధిలోని వడ్రంగి మేస్త్రీ చూసి అది రబ్బరు చెక్క అనీ, పట్టింది పుచ్చు పురుగు అనీ చెప్పాడు. పిండి పదార్థం ఎక్కువగా ఉండే రబ్బరు చెక్క ఆ పురుగుకు చాలా ఇష్టం. పక్కనే మా అమ్మగారి టేకు బీరువా ఉండటంతో ఆ రోజే స్టాండు విప్పి ఇంటి నుంచి పంపేశాను. హెచ్‌టీ ముద్ర ఉన్నా అప్పటికి లోపల ఉన్న పురుగు చస్తుందే తప్ప, తరువాత పట్టే పురుగును అది ఆపదు. అందుకే ఇప్పుడు ఇంటి లోపల వాడే ప్రతి పలకకూ, రంగు వేయకముందే, బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిని రెండు సార్లు పట్టిస్తున్నాను. వాన తగిలే చోట అది కొట్టుకుపోతుంది కనుక బాల్కనీ బల్లకు దానితో ప్రయోజనం లేదు.

విప్పడంలో నేను మొదట చేసిన తప్పు గడ్డపారతో లాగడం. ప్యాలెట్ మేకులకు ఒంటి నిండా మెలికలు ఉంటాయి. లాగితే మేకు రాదు, పలక చివర చీలుతుంది. ఇప్పుడు పలకకూ దిమ్మెకూ మధ్య సందులో హ్యాక్సా బ్లేడు దూర్చి మేకును కోస్తాను. తల పలకలోనే మిగులుతుంది; దాన్ని వెనక నుంచి పంచ్‌తో కొడితే తుప్పు పట్టిన నల్లని వలయాన్ని వదిలి బయటికి వస్తుంది. ఆ వలయాలను నేను కావాలనే ఉంచుతాను, అవి ఈ చెక్కకు అందం. ఒక్కో ప్యాలెట్‌కు గంటన్నర పడుతుంది. ఆ తరువాత పాత స్పీకరు అయస్కాంతాన్ని ప్రతి పలక మీదా రెండు వైపులా నడిపిస్తాను, ఎందుకంటే కంటికి కనిపించని ఒక్క మేకు ముక్క చాలు చిత్రిక బ్లేడు పాడవడానికి.

అన్నిటికంటే ఓపిక అడిగేది ఆరబెట్టడం. వేడి చేసిన చెక్క అంటే ఎండిన చెక్క అని నేను కూడా చాలాకాలం అనుకున్నాను. ఆ ముద్ర పురుగు గురించే గాని తేమ గురించి చెప్పదు. మొదటిసారి పలకలను డాబా మీద ఏప్రిల్ ఎండలో పరిస్తే చివరలన్నీ పగిలాయి. మేస్త్రీ చూసి, "మేడం, ఎండల పెడితే పగుల్తది, నీడకే ఆరాలె" అన్నాడు. అప్పటి నుంచి మెట్ల కింద, పలకకూ పలకకూ మధ్య సన్నని బద్దలు పెట్టి, పైన బరువు వేసి పేరుస్తున్నాను. ఒక పలకను గుర్తు పెట్టుకుని వారానికోసారి వంటింటి త్రాసులో తూస్తాను. వరుసగా రెండు వారాలు బరువు మారకపోతేనే పనికి తీసుకుంటాను. వేసవిలో దీనికి ఐదారు వారాలు పడుతుంది. వానాకాలంలో అసలు మొదలుపెట్టను.

నునుపు చేయడం గురించి చెప్పేది తక్కువ: 80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 120, 180 వరకు వెళ్తే చాలు, ఎన్95 మాస్కు మాత్రం తీయకూడదు. నా 18 మిల్లీమీటర్ల పలకలు చిత్రిక, నునుపు అయ్యేసరికి 14కు దిగాయి. పుస్తకాల అరలో పొడవైన పలకలు వంగకుండా మధ్యలో ఆధారం ఇవ్వవలసి వచ్చింది. దీవాను మాత్రం ఇప్పటికీ కిర్రుమనలేదు. అవిసె నూనె పూసేవారు ఆ గుడ్డలను ముద్దగా పడేయకూడదు, వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది, విడదీసి ఆరవేయాలి.

బాల్కనీ బల్లకు ఏటా మృగశిర కార్తెకు ముందు ఒక పూత వేస్తాను. ఈసారి వేస్తుండగా నేలకు ఆనే రెండు దిమ్మెలు తడికి నల్లబడి, గోరు నొక్కితే దిగేంత మెత్తబడి కనిపించాయి. వాటిని తీసేసి టేకు ముక్కలు బిగించి, కింద రబ్బరు బుష్‌లు వేశాను. పై పలకలు నాలుగేళ్ల నాటివే.