పేరు చెప్పని గైడ్‌తో పిట్టల నడక

కొత్తవాళ్ల కోసం మా శ్రీకాకుళం జిల్లాలో పెట్టే ఈ పక్షుల నడకలకి నేను ఇంతకాలంగా వెళ్తూనే ఉండడానికి కారణం ఒక్కటే. గైడ్ మేష్టారు పిట్ట పేరు చెప్పరు. "అదేం పిట్టండీ?" అంటే "మీకేం కనబడింది?" అని అడుగుతారు. కాకి కంటే పెద్దదా, పిచ్చుకంతేనా? ముక్కు ఏ రంగు? తోక ఆడిస్తోందా? ఇవన్నీ మన నోటితో చెప్పాకే పేరు. అప్పటిదాకా ఫోన్లు జేబులోనే.

మొదట్లో విసుగొచ్చేది. ఇప్పుడు చెరువుగట్టున తెల్లకొంగ కనబడితే చూపు దానంతటదే ముక్కు మీదకి, కాళ్ల మీదకి పోతుంది. నల్లముక్కు, నల్లకాళ్లు, పసుపు పాదాలుంటే చిన్న తెల్లకొంగ. పసుపుముక్కుతో గేదెల వెంట తిరిగేది వేరు.

ఈ పద్ధతి విలువ నాకు బాగా తెలిసింది తేలుకుంచిలో. ఇచ్ఛాపురం దగ్గరున్న ఆ ఊళ్లో వానాకాలం ఓపెన్‌బిల్ కొంగలు ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు పెడతాయి. ముక్కు మూసినా నడుమ సందు ఉండిపోవడం వాటి గుర్తని అందరం చదువుకునే వెళ్లాం. తీరా చూస్తే ఒక గూట్లో సందులేని ముక్కులు! వేరే జాతి అన్నారు మాలో కొందరు. మేష్టారు అవుననలేదు, కాదనలేదు. "వాటికి మేత ఎవరు తెస్తారో చూడండి" అన్నారంతే. ఎండెక్కింది, మెడలు పట్టేశాయి. చివరికి సందుముక్కు కొంగ ఒకటి వచ్చి గూట్లో మేత కక్కింది. సందులేనివన్నీ దాని మీద పడ్డాయి.

అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న మామ్మ అప్పటిదాకా మా వాదనంతా వింటూనే ఉంది. "అవి గుంటలు బాబూ, పెద్దయితే గాని ముక్కు విచ్చుకోదు" అంది. గుంటలంటే మా వైపు పిల్లలని. మేష్టారు ఆవిడకి దండం పెట్టి, "మిగతాది మీరే చెప్పండమ్మా" అని పక్కకి తప్పుకున్నారు. ఆ తర్వాత ఆయన కలిపింది రెండే మాటలు. ఆ ముక్కు నత్తని గుల్లలోంచి ఊడదీయడానికి పనికొస్తుందని, ఇవి సైబీరియా నుంచి రావని, మన దేశపు కొంగలేనని. తెలిసినవాళ్లకి చోటిచ్చే గైడ్‌ని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఎవరైనా కళ్లు మూసుకుని చేరిపోవచ్చని నిరుడు అందరికీ చెప్పాను. ఇప్పుడైతే కాస్త ఆలోచించి చెబుతాను. చలికాలం నౌపడ ఉప్పుమళ్లలో దిగే ఉల్లంకి పిట్టలు చిన్నవి, దూరంగా ఉంటాయి, దాదాపు అన్నీ ఒకే బూడిదరంగు. టెలిస్కోప్ లేదు, బైనాక్యులర్ చేతులు మారుతూ మన దగ్గరికి వచ్చేసరికి గుంపు లేచిపోతుంది. అక్కడ "ఏం కనబడింది?" అంటే కొత్తవాళ్లు ఏం చెబుతారు? పొదల్లో కూసే పిట్టలతోనూ అంతే. కూత ముందు నేర్పితే గాని కుదరదు. పైగా ఈమధ్య జనం పెరిగి, అందరి సమాధానాలూ వినే తీరిక ఆయనకి ఉండడం లేదు.

నేను ఉండేది శ్రీకాకుళంలో, బండి ఉంది, ఆదివారాలు ఖాళీ, కాబట్టి ఈ నడకలకి వెళ్లడం నాకు సులువే. విజయనగరం నుంచి వచ్చేవాళ్లయితే తేలుకుంచికి ముందురోజే బయల్దేరి ఇచ్ఛాపురంలో పడుకోవడం మేలు. పిల్లలతో వచ్చేవాళ్లు చలికాలంలో టెక్కలి దగ్గరున్న తేలినీలాపురంతో మొదలుపెట్టండి. పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు పెద్దవి కాబట్టి బైనాక్యులర్ లేకపోయినా చెప్పడానికి బోలెడు కనబడుతుంది. నౌపడ నడకకి మాత్రం, టెలిస్కోప్ తెచ్చేదాకా నేను డబ్బు కట్టను.