స్టీవియా: ఏళ్ల తరబడి పెంచి, వాడి చూశాక

ఆకులే తియ్యగా ఉండే స్టీవియా మొక్కను తెచ్చుకునేవారిలో ఎక్కువ మందికి చక్కెర మానేయాలన్నదే ఆశ. నాదీ అదే. పెంచి, కోసి, ఎండబెట్టి, ఏళ్లుగా వాడాక నా తీర్పు ఇది: ఆకు మంచిదే, కానీ దాని రుచంతా ఎప్పుడు కోశామన్నదాని మీదే ఉంది. పూత ముదిరాక కోసిన ఆకు వాడి, ఇంత చేదేమిటని పెదవి విరిచేవారే ఎక్కువ.

పచ్చి ఆకు నమలగానే ముందు పసరు వాసన తగులుతుంది. ఆ తర్వాత తీపి నెమ్మదిగా మొదలై, నాలుకను పట్టుకుని చాలాసేపు వదలదు. చివర్లో అతిమధురం వేరు నమిలినట్టు ఒక చిరుచేదు. ఆ తీపి ఆకులో ఉండే స్టీవియోసైడ్, రెబాడియోసైడ్-ఎ వంటి గ్లైకోసైడ్‌లది, అంటే చక్కెర భాగం అతుక్కుని ఉండే మొక్క పదార్థాలది. శుద్ధి చేస్తే ఇవి చక్కెర కన్నా 200 నుంచి 300 రెట్లు తియ్యన. నాలుక మీద తీపిని గుర్తించే గ్రాహకాలతో పాటు చేదును గుర్తించేవాటినీ ఇవి కదిలిస్తాయి. స్టీవియోసైడ్‌లో ఈ చేదు మరీ ఎక్కువ.

చామంతి కుటుంబానికి చెందిన ఈ బహువార్షిక మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని పరాగ్వే. అక్కడి గ్వారానీ ప్రజలు దీన్ని ఎప్పటినుంచో వాడుతున్నారు. తేమ ఆరని ఇసుక నేలల్లో పెరిగిన మొక్క కావడంతో వేళ్లు లోతుకు పోవు. నీళ్లు ఒక్క పూట తప్పినా వాడిపోతుంది, అడుగున నిలిస్తే వేరు కుళ్లుతుంది. కుండీలో ఇసుక పాలు పెంచి, నీటిని కొద్దికొద్దిగా తరచూ ఇవ్వడమే మార్గం. కాడలు పెళుసు, గట్టిగా గాలి వీస్తే పుటుక్కున విరిగిపోతాయి.

విత్తనాల జోలికి వెళ్లవద్దనే నా సలహా. ఈ పువ్వు తన పుప్పొడితో తాను గింజ కట్టదు. ఒంటరి మొక్క నుంచి రాలేవి చాలా వరకు తాలు గింజలే. పాలిపోయిన రంగువి పారేయవచ్చు, నల్లగా ఉన్నవాటి మీదే కాస్త ఆశ. అవి మొలిచినా తల్లి మొక్క తీపి వస్తుందన్న హామీ లేదు. పూత లేని కొమ్మ చివర జానెడు ముక్క కోసి, కింది ఆకులు తుంచి, తడి ఇసుకలో గుచ్చి నీడన ఉంచితే కొన్ని వారాల్లో వేళ్లు వస్తాయి. తల్లి మొక్క తీపి తప్పకుండా వస్తుంది.

ఇక అసలు సంగతి కోత. పగటి నిడివి తగ్గేకొద్దీ ఈ మొక్క పూతకు తొందరపడుతుంది. పూత వచ్చిందంటే ఆకులో తీపి తగ్గడం మొదలవుతుంది. చిగుళ్లు తుంచుతూ ఉంటే గుబురుగా పెరిగి ఆకు ఎక్కువ వస్తుంది. కొమ్మల చివర గుండుసూది తలంత మొగ్గలు కనబడగానే, నేల నుంచి బెత్తెడు వదిలి కోసేయాలి, మళ్లీ చిగురిస్తుంది. కాడలో తీపి నామమాత్రం కాబట్టి ఆకులే దూసుకుంటాను. గాలాడే చోట పలచగా పరిచి త్వరగా ఎండబెట్టాలి, ఆలస్యమైతే గోధుమరంగుకు మారి రుచి చెడుతుంది. మూడు నాలుగేళ్లకు మొక్క ఉడుగుతుంది, అప్పుడు పాతదాని కొమ్మలతోనే కొత్తది పెట్టుకోవాలి.

వాడకంలో పొడి నాకు నచ్చలేదు, నోటికి పసరుగా తగులుతుంది. వేడి నీళ్లలో ఆకులు వేసి కాసేపు ఉంచి వడకట్టుకోవడం మేలు. కేకులు, బ్రెడ్లలో మాత్రం ఇది చక్కెర స్థానం భర్తీ చేయలేదు. పిండికి బరువు రాదు, ఎర్రటి రంగు రాదు, ఈస్ట్‌కు తిండి దొరకదు.

ప్రకృతి సిద్ధం కాబట్టి ఎంతైనా వాడవచ్చన్న ప్రచారం మాత్రం చిరాకు తెప్పిస్తుంది. అమెరికాలోని ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2008లో అభ్యంతరం లేదన్నది బాగా శుద్ధి చేసిన రెబాడియోసైడ్-ఎ కే. మొత్తం ఆకుకూ ముడి సారానికీ ఆ వెసులుబాటు ఇవ్వలేదు. మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుణ్ని అడిగే మొదలుపెట్టాలి.

నా మటుకు టీలోనూ నిమ్మరసంలోనూ చక్కెర పూర్తిగా పోయింది. కాఫీలో మాత్రం రెండు చేదులూ కలిసి గొంతు దిగలేదు, అక్కడ చక్కెరే వేసుకుంటున్నాను.